సూది చూపేది ధ్రువాన్ని కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో దక్షిణ ధ్రువ యాత్ర మీద వేసిన వ్యాసం హాయిగా చదివించింది. కుక్కలబండ్లు, మంచుతుపాను, ఆకలి, అన్నీ ఉన్నాయి. దారి ఎలా తెలిసిందన్న చోటికి వచ్చేసరికి మాత్రం, దిక్సూచి చూపిన వైపే నడిచి వెళ్లారని ఒక్క ముక్కలో తేల్చేశారు. పక్కన బొమ్మలో, ధ్రువానికి మొదట చేరిన నార్వే యాత్రికుడు అముండ్సెన్ అరచేతిలో దిక్సూచి, దాని సూది సూటిగా ధ్రువం మీది జెండా వైపు. ఆ బొమ్మను నమ్మి నడిస్తే ఆయన ధ్రువానికి కాదు, పడమరగా పక్కకు పోయి విక్టోరియా ల్యాండ్ పీఠభూమి ఎక్కేవాడు. అప్పట్లో దక్షిణ అయస్కాంత ధ్రువం అక్కడుంది. 1909 జనవరి 16న ఎడ్జ్‌వర్త్ డేవిడ్, మాసన్, మెకే అనే ముగ్గురు అక్కడికి వెళ్లి జెండా పాతి వచ్చారు. అసలు ధ్రువానికీ దానికీ మధ్య దూరం 1,900 కి.మీ. పైమాటే.

బడిలో పాఠం చెప్పేవాళ్లు కూడా మీ అనుబంధాన్ని కత్తిరించి దాచుకుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పెద్దదైతే మన్నించండి.

ముందు సూది సంగతి. మన హైదరాబాదులో దిక్సూచి చూపే ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ. అందుకే మనకు సూది మీద అంత నమ్మకం. అంటార్కిటికా అంచున రాస్ దీవిలో ఉన్న అమెరికావాళ్ల మెక్‌మర్డో స్థావరం దగ్గర అదే సూది ఉత్తర కొన నిజ ఉత్తరానికి దాదాపు 140 డిగ్రీలు పక్కకు తిరిగి, ఇంచుమించు ఆగ్నేయం చూపిస్తుంది. కారణం చిన్నదే. అయస్కాంత ధ్రువం అక్కడి నుంచి వాయవ్యంగా ఉంది. సూది దక్షిణ కొన అటు లాగితే ఉత్తర కొన ఎదురు వైపుకే కదా పోవాలి. పైగా ఆ ధ్రువం ఒకచోట కూర్చునేది కాదు. 1909లో నేల మీదున్నది ఇప్పుడు తీరం దాటి సముద్రంలో ఉంది. ఉత్తరాన 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ కెనడా ఉత్తర తీరంలో గుర్తించిన అయస్కాంత ధ్రువం ఇప్పుడు సైబీరియా వైపు సాగిపోతోంది. కాబట్టి పాత పటం మీద రాసిన తేడాను ఇవాళ వాడితే దారి తప్పినట్టే.

తేడా ఎంతో తెలిస్తే దాన్ని కూడో తీసేసో నడవవచ్చు. అసలు చిక్కు బలం తగ్గిపోవడం. సూదిని తిప్పేది భూమి అయస్కాంత బలంలో నేలకు సమాంతరంగా ఉన్న పాలు మాత్రమే. హైదరాబాదులో అది దాదాపు 40 వేల నానోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం అది). ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వేధశాలలో కొలిచేది ఇలాంటి లెక్కలే. అయస్కాంత ధ్రువం దగ్గరికి పోయేకొద్దీ బలం మొత్తం నిలువుగా మారిపోతుంది, పక్కకు లాగే పాలు సున్నాకు చేరుతుంది. అది ఆరు వేలకు దిగువైతే సూదిని అనుమానించాలి, రెండు వేలకు దిగువైతే జేబులో పెట్టేయాలి అన్నది ఇప్పటి ప్రపంచ అయస్కాంత నమూనా పెట్టుకున్న గీత. విచిత్రం ఏమిటంటే దక్షిణ ధ్రువం దగ్గర ఈ బలం ఇంకా పదహారు వేల ప్రాంతంలో ఉంటుంది. అక్కడ సూది మందకొడిగానైనా పనిచేస్తుంది. దానికి అంటిపెట్టుకోవాల్సిన తేడా ఎంతో తెలిస్తే చాలు. ఉత్తర ధ్రువం దగ్గర మాత్రం అయస్కాంత ధ్రువం పక్కనే ఉండడంతో సూది దాదాపు చచ్చుబడి ఉంటుంది.

అముండ్సెన్ బృందం స్పిరిట్ నింపిన దిక్సూచులు నాలుగు తీసుకెళ్లింది. చలి మైనస్ 40 డిగ్రీల కిందికి దిగినప్పుడు లోపలి ద్రవం గడ్డకట్టి అవి పనికిరాకుండా పోయేవి. వీలైనంత శుద్ధమైన స్పిరిట్ పోయమని చేసిన వాళ్లకు ముందే చెప్పినా ఫలితం లేకపోయింది. ఇంకో తంటా: ఉత్తరార్ధగోళం కోసం తూకం కట్టిన సూది దక్షిణాన ఒక కొన పైకీ ఒక కొన కిందికీ వాలి అద్దానికో అడుగుకో రాసుకుంటుంది. మన ఊళ్లో కొన్న దిక్సూచిని అంటార్కిటికా తీసుకెళ్లేవాళ్లు ముందు చూసుకోవలసింది ఇదే.

మరి ఎక్కడున్నారో ఎలా తెలిసింది? సూర్యుడి ఎత్తు వల్ల. సంక్రాంతి పంచాంగం చూసే మనకు సూర్యుడి క్రాంతి అన్న మాట కొత్త కాదు. ఏ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరంగానో దక్షిణంగానో ఉంటాడో నావిక పంచాంగంలో అచ్చువేసి ఉంటుంది. అంటార్కిటికాలో వేసవి మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి, దాన్ని 90లోంచి తీసేసి, క్రాంతి కలిపితే అక్షాంశం వస్తుంది. డిసెంబరు నడిమిలో క్రాంతి 23 డిగ్రీల 12 నిమిషాలు అనుకుందాం. ఇక్కడ డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటున్నాను, గడియారం నిమిషం కాదు. మధ్యాహ్నం ఎత్తు 24 డిగ్రీల 12 నిమిషాలు వస్తే మీరు 89వ అక్షాంశం మీద ఉన్నారు. పన్నెండు గంటల తర్వాత మళ్లీ కొలవండి, అర్ధరాత్రి సూర్యుడు 22 డిగ్రీల 12 నిమిషాల ఎత్తున ఉంటాడు. ఆ రెండింటి మధ్య రెండు డిగ్రీల తేడా. ధ్రువం దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా కరిగిపోతుంది. సరిగ్గా ధ్రువం మీద సూర్యుడు గానుగెద్దులా ఒకే ఎత్తున గుండ్రంగా తిరుగుతాడు. ఇరవై నాలుగు గంటలు కొలిచినా కోణం మారకపోవడమే ధ్రువం చేరారనడానికి గుర్తు. అక్కడ జెండాకర్ర గానీ రాయి గానీ ఎవరూ ముందే పాతి ఉంచలేదు మరి.

ఈ కొలతలో ఒక నిమిషం కోణం తప్పితే నేల మీద ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కి.మీ. తప్పినట్టు. ఇక్కడ డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటున్నాను, గడియారం నిమిషం కాదు. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం. పై అంచునో కింది అంచునో కొలిచి పదహారు నిమిషాలు సరిచేయాలి. అది మరిస్తే 30 కి.మీ. దూరం పోతారు. గాలి సూర్యకిరణాన్ని వంచుతుంది, 23 డిగ్రీల ఎత్తున ఆ వంపు రెండు నిమిషాల చిల్లర. పట్టికల్లో ఇచ్చిన అంకె మామూలు చలికి, సముద్రమట్టానికి. మైనస్ 30 డిగ్రీల గాలి చిక్కనైనది, కిరణాన్ని ఎక్కువ వంచుతుంది. దాదాపు 3,000 మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీద గాలి పలచన, తక్కువ వంచుతుంది. రెండూ కలిపి సరిచేయకపోతే అర నిమిషం, అంటే కిలోమీటరు దాకా తేడా. అందుకే థర్మామీటరు, గాలి ఒత్తిడి కొలిచే అనెరాయిడ్ బారోమీటరు కూడా దారి చూపే పరికరాలే. సూర్యుడు నేలను ఆనుకుని ఉన్నప్పుడు తీసిన కొలతను ఏ నావికుడూ నమ్మడు. 1597లో రష్యా ఉత్తరాన నొవాయా జెమ్ల్యా దీవిలో చలికాలం గడిపిన డచ్చి నావికుడు బారెంట్స్ మనుషులకు జనవరి 24నే సూర్యుడు కనిపించాడు, రావలసిన రోజుకు రెండు వారాల ముందు. మంచు మీది చల్లటి గాలి పొరలు కిరణాన్ని అంతగా వంచేశాయి.

ఓడ మీద సెక్స్‌టెంట్ అనే కోణమాపకంతో కొలవడానికి సముద్రం చివర గీత ఉంటుంది. మంచు మీద ఆ గీత దొరకదు, దొరికినా అది ఎగుడుదిగుడు. అందుకని ఇనప పళ్లెంలో పాదరసం పోసి నేల మీద పెడతారు. పాదరసం తనంతట తానే మట్టమవుతుంది, అద్దంలా సూర్యుణ్ని చూపిస్తుంది. ఆకాశంలో సూర్యుడికీ పళ్లెంలోని ప్రతిబింబానికీ మధ్య కోణం కొలిస్తే అసలు ఎత్తుకు రెట్టింపు వస్తుంది. 48 డిగ్రీల 24 నిమిషాలు చదివితే ఎత్తు 24 డిగ్రీల 12 నిమిషాలు. సగం చేయడంలో లాభం ఉంది: పరికరంలోని తప్పు కూడా సగమవుతుంది. గాలికి పాదరసం అలలు లేవకుండా పైన గాజు గూడు పెడతారు. ఆ గాజు పలక రెండు వైపులా సమాంతరంగా లేకపోతే అదొక కొత్త తప్పు. దానికి మందు, గూడును అటుదిటు తిప్పి రెండోసారి కొలిచి సగటు తీయడం.

పాదరసం మైనస్ 39 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. వసంతం మొదట్లో బయల్దేరినవాళ్లకు ఇది నిజమైన అడ్డంకి. బదులుగా నల్లటి గాజు పలకను మరలతో మట్టం చేసి వాడతారు. అముండ్సెన్ దగ్గర రెండూ ఉన్నాయి. గాజు పలక ఒక్క నిమిషం వాలినా ఎత్తులో ఒక్క నిమిషం తప్పు, అంటే దాదాపు రెండు కిలోమీటర్లు. అముండ్సెన్‌తో పోటీగా వెళ్లిన బ్రిటిష్ యాత్రికుడు స్కాట్ బృందంలో కొలతలు తీసిన బవర్స్ వాడింది థియోడొలైట్, అంటే దుర్భిణీ బిగించిన కోణమాపకం. దానికి పళ్లెం అక్కర్లేదు, మట్టం దానిలోనే ఉంటుంది. కానీ మూడు కాళ్ల మీద నిలబడాలి. నల్లటి కాళ్లు ఎండకు వేడెక్కి మంచులోకి దిగబడతాయి, కొలత మధ్యలోనే మట్టం తప్పుతుంది. ప్రతిసారీ దుర్భిణీని తలకిందులుగా తిప్పి రెండో కొలత తీస్తే పరికరంలోని వంకరలు రద్దవుతాయి.

ఇక చేతుల కష్టం. సన్నటి గీతలు చదవాలంటే మందపాటి చేతొడుగు తీయాలి. ఉత్త లోహం తాకితే చర్మం అతుక్కుంటుంది, కంటికి ఆనించే చోట తోలు చుట్టుకోవాలి. ఊపిరి వదిలితే అద్దం మీద మంచుపొర కడుతుంది, దాన్ని వేలితో రుద్దితే గీతలు పడతాయి. ఊపిరి బిగబట్టి చూడాలి, పక్కకు తిరిగి వదలాలి. కళ్లద్దాలు తీసి చూసేది కొలత తీసేవాడే కాబట్టి మంచుగుడ్డితనం ముందు సోకేదీ అతనికే. సిరా గడ్డకడుతుంది, రాసుకోవడం పెన్సిల్‌తోనే.

రేఖాంశానికి గడియారం కావాలి. గ్రీనిచ్ సమయానికీ స్థానిక మధ్యాహ్నానికీ నాలుగు నిమిషాల తేడా ఉంటే ఒక డిగ్రీ. హైదరాబాదు అక్షాంశం మీద గడియారం ఒక్క నిమిషం తప్పితే 26 కి.మీ. పక్కకు పోతాం. 80వ అక్షాంశం మీద అదే నిమిషం 5 కి.మీ.కు దిగుతుంది, 89 మీద అర కిలోమీటరుకు. రేఖలన్నీ ధ్రువం దగ్గర ముడిపడిపోతాయి కాబట్టి చివరి రోజుల్లో గడియారం తప్పినా పెద్ద నష్టం లేదు. దాని అవసరమంతా తిరుగు ప్రయాణంలో. 1895 మార్చిలో ఫ్రామ్ ఓడ వదిలి ఉత్తర ధ్రువం వైపు నడిచిన నార్వే యాత్రికులు నాన్సెన్, యోహాన్సెన్ ఏప్రిల్ 8న 86 డిగ్రీల 14 నిమిషాల దాకా వెళ్లి వెనుదిరిగారు. నాలుగు రోజులకు, సుదీర్ఘమైన నడక తర్వాత, చావి ఇవ్వడం మరిచారు. రెండు గడియారాలూ ఆగిపోయాయి. ఆ తర్వాత నేల కనిపించినా అది ఏ నేలో వాళ్లకు తేలలేదు. 1896 జూన్‌లో ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ దీవుల్లో జాక్సన్ అనే బ్రిటిష్ యాత్రికుడు ఎదురుపడ్డాకగానీ సందేహం తీరలేదు. గడియారం ఒంటికి ఆనించి పెట్టుకోవాలి, రోజూ ఒకే వేళకు చావి ఇవ్వాలి, ఆ పని ఒకరికే అప్పగించాలి, రెండోవాడు అడగాలి. ఇంతే సూత్రం.

గడియారం సరిగా ఉందో లేదో మంచు మధ్యలో చూసుకునే దారి కూడా ఉంది. 1915లో అంటార్కిటికా పక్కన వెడెల్ సముద్రపు మంచులో చిక్కుకున్న ఎండ్యూరెన్స్ ఓడ మీద కెప్టెన్ వర్స్‌లీ, చంద్రుడి వెనక్కి ఒక నక్షత్రం మరుగయ్యే క్షణాన్ని పట్టుకుని, పంచాంగంలోని లెక్కతో పోల్చి తన క్రోనోమీటర్లను, అంటే ఓడ గడియారాలను, సరిచూసుకున్నాడు. నవంబరు 21న ఓడ మునిగిపోయింది. చోటు 68 డిగ్రీల 39 నిమిషాల 30 సెకన్ల దక్షిణం, 52 డిగ్రీల 26 నిమిషాల 30 సెకన్ల పడమర అని ఆయన రాసిపెట్టాడు. 2022 మార్చిలో 3,008 మీటర్ల లోతున ఓడ దొరికింది, ఆయన చెప్పిన చోటికి కొద్ది కిలోమీటర్ల దక్షిణంగా. కదిలే మంచు మీద నిలబడి, మబ్బుల మధ్య దొరికిన సూర్యుణ్ని పట్టి చేసిన లెక్క అది.

మబ్బు పట్టిన రోజుల్లో ఎంత దూరం నడిచామన్నదే ఆధారం. స్లెడ్జి, అంటే మంచు మీద జారే బండి, వెనకాల సైకిలు చక్రం లాంటిది కట్టి, తిరిగిన చుట్లు లెక్కపెట్టే మీట బిగిస్తారు. మెత్తటి మంచులో చక్రం తిరగకుండా జారితే దూరం తక్కువ చూపిస్తుంది. గాలి కోసిన గట్లు, వాటిని సస్త్రుగి అంటారు, వాటి మీద ఎక్కుతూ దిగుతూ పోతే ఎక్కువ చూపిస్తుంది. ఒకటికి నాలుగు చక్రాలుంటే సగటు తీయవచ్చు. 1911 డిసెంబరు 14 మధ్యాహ్నం మూడింటికి అముండ్సెన్ బృందం ఆగింది సూర్యుణ్ని చూసి కాదు, బండ్లకు కట్టిన చక్రాలు లెక్క పూర్తయిందని చెప్పాయి కాబట్టి. సూర్యుడి కొలతలు ఆ తర్వాత.

తిన్నగా నడవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. తెల్లటి నేల, తెల్లటి ఆకాశం కలిసిపోయిన చోట ముందు నడిచేవాడికి కంటికి ఆనేదేమీ ఉండదు, తెలియకుండా ఒక పక్కకు ఒరిగిపోతాడు. దిక్సూచి చూస్తూ నడిచే ఓపికా అతనికి ఉండదు. అందుకని దిక్సూచి ముందు నడిచేవాడి చేతిలో ఉండదు, వెనకాల మొదటి స్లెడ్జి మీద ఉంటుంది. అముండ్సెన్ బృందంలో హెల్మర్ హాన్సెన్ దాన్ని చూస్తూ, ముందున్న మనిషి గీత తప్పగానే కుడి, ఎడమ అని కేకవేసేవాడు. ముందున్నవాడే సూదికి గురి అన్నమాట. వెనక నుంచి చూస్తే వంకర వెంటనే కనిపిస్తుంది. ముందు నుంచి చూస్తే ఎప్పటికీ కనిపించదు.

ఇప్పుడు నా దృష్టిలో అసలు విషయానికి వస్తాను. ఈ పరికరాలన్నీ తప్పుతాయి. మంచి దారికాడు తప్పు లేకుండా చేసుకోవాలని చూడడు. తప్పు ఎంత రావచ్చో ముందే లెక్కకట్టి, దానికన్నా వెడల్పైన వల పన్నుతాడు. అముండ్సెన్ గొప్పతనం కుక్కల్లో ఉందని అందరూ అంటారు, నాకు మాత్రం జెండాల్లో కనిపిస్తుంది. 80వ అక్షాంశం దగ్గర ఆహారం దాచినచోట ఒక్క జెండా పాతి ఊరుకోలేదు. దారికి అడ్డంగా, తూర్పుకు పది, పడమరకు పది, దాదాపు 900 మీటర్ల ఎడంతో నల్లజెండాలు పాతారు. ప్రతిదానికీ నంబరు. ఎదురైన జెండా ఏ వైపుదో, ఆహారపు గుట్ట ఎంత దూరంలో ఉందో ఆ అంకె చెబుతుంది. లెక్క చూడండి. స్థావరం నుంచి ఆ గుట్ట దాదాపు 150 కి.మీ. అంత నడకలో మూడు డిగ్రీలు పక్కకు పోయినా ఎనిమిది కిలోమీటర్లే తేడా, జెండాల వరస ఒక్కో వైపు తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంది. తప్పు ఆ లోపు ఎంత వచ్చినా ఆ వరసలో ఎక్కడో ఒకచోట తగలక తప్పదు. దారి మీద జెండాలు అయిపోతే ఎండుచేపలను మంచులో నిలబెట్టారు.

ధ్రువం దారిలో మనిషెత్తు మంచు దిమ్మెలు 150 కట్టారు. మొత్తం తొమ్మిది వేల మంచు ఇటుకలు, అంటే దిమ్మెకు అరవై. మొదట దూరం దూరంగా, తర్వాత దాదాపు ఐదు కిలోమీటర్లకొకటి. ప్రతి దిమ్మెలో ఒక చీటీ: దిమ్మె నంబరు, ఉన్న చోటు, వెనక ఉత్తరాన ఉన్న దిమ్మె ఏ దిక్కున ఎంత దూరం. తిరుగు ప్రయాణంలో సూర్యుడు వారం రోజులు కనిపించకపోయినా దిమ్మె నుంచి దిమ్మెకు పోవచ్చు. ఆగి ఇటుకలు కోయడం కుక్కలకు ఊపిరి తీసుకునే వేళ కూడా అయింది.

ధ్రువం దగ్గరా అదే తరహా. కొలతలో కొన్ని కిలోమీటర్ల తప్పు ఉండవచ్చు కనుక ఒక చుక్క మీద నిలబడి ఇదే ధ్రువం అనలేదు. ముగ్గుర్ని మూడు దిక్కులకు, ఒక్కొక్కర్ని 20 కి.మీ. దాకా, విడి స్లెడ్జి పట్టాలకు నల్లజెండాలు కట్టించి పంపాడు. తర్వాత ఇంకో తొమ్మిది కిలోమీటర్ల చిల్లర జరిగి, జంటలుగా ఆరేసి గంటల వంతున 24 గంటలు, గంటగంటకూ సూర్యుణ్ని కొలిపించాడు. అప్పటికీ మిగిలిన తేడాకు ఇద్దర్ని మరో ఏడు కిలోమీటర్లు ముందుకు పంపాడు. ధ్రువం ఆ జెండాల మధ్య ఎక్కడో ఉండి తీరాలి. తర్వాతి కాలంలో లెక్కలు తిరగేసినవాళ్లు గుడారం రెండున్నర కిలోమీటర్ల లోపే ఉందని, చివర వెళ్లిన ఇద్దరు ధ్రువానికి కొన్ని వందల మీటర్ల దూరంలోంచి పోయి ఉండవచ్చని తేల్చారు.

ఇక్కడ ఒక మాట స్కాట్ పక్షాన చెప్పకపోతే అన్యాయం. ఆయన ప్రధాన ఆహారపు గుట్ట అనుకున్న 80వ అక్షాంశానికి చేరక 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గరే ఆగింది, దానికి అడ్డంగా జెండాల వరసా లేదు. అయినా చివరి ముగ్గురూ దారి తప్పి చనిపోలేదు. గుట్టకు సుమారు 20 కి.మీ. దూరంలో, అది ఎటుందో తెలిసే, తుపానుకూ ఆకలికీ చలికీ బలైపోయారు.

ఉత్తర ధ్రువానికి ఈ జెండాల ఉపాయం కుదరదు. అక్కడ నేల లేదు, సముద్రం మీద తేలే మంచు. ఇవాళ పాతిన జెండా రేపటికి మంచుతెప్పతో పాటు కొట్టుకుపోతుంది. రోజంతా ఉత్తరానికి నడిచి, సాయంత్రం కొలిస్తే మంచు దక్షిణానికి జరిగి సగం నడక మింగేసి ఉంటుంది. అక్కడ ఆకాశాన్ని చదువుతారు. దూరాన మబ్బు అడుగు నల్లగా ఉంటే కింద నీళ్లు, తెల్లగా మెరిస్తే మంచు. కెనడా ఉత్తరాన ఇగ్లూలిక్ ప్రాంతపు ఇనుయిట్ ఆదివాసీ వేటగాళ్ల దగ్గర ఇంతకన్నా నమ్మకమైనది ఉంది. వాయవ్యం నుంచి వీచే గట్టి గాలి మంచును నాలుక ఆకారంలో గట్టిదిబ్బలుగా పోస్తుంది. తర్వాత వేరే గాలి వీచినా అవి చెదరవు. తుపానులో, చీకట్లో కూడా కాలితో తడిమి, బండి ఆ నాలుకలను ఏ కోణంలో దాటుతోందో చూసుకుని తిన్నగా పోతారు.

ఇప్పుడు జీపీఎస్ ఉందిగా అంటారు. ఉంది, కానీ ధ్రువంలో దానికీ కొన్ని కొరతలున్నాయి. దాని ఉపగ్రహాలు భూమధ్యరేఖకు 55 డిగ్రీల వాలులో తిరుగుతాయి, ధ్రువం నడినెత్తికి ఎప్పుడూ రావు, 45 డిగ్రీల ఎత్తు దాటి కనిపించవు. అయినా చోటు బాగానే చెబుతుంది, సముద్రమట్టం నుంచి ఎత్తు చెప్పడంలోనే తడబడుతుంది. ధ్రువానికి దగ్గర్లో నాలుగు అడుగులు పక్కకు వేస్తే రేఖాంశం అంకె గిర్రున తిరుగుతుంది. పరికరం చెడిందనుకుని కంగారు పడేవాళ్లుంటారు. మామూలు బ్యాటరీ చలికి గంటల్లో చచ్చిపోతుంది, లిథియం బ్యాటరీ వేసి లోపలి జేబులో పెట్టుకోవాలి. గుడారంలో వెచ్చబడి బయటికి తెస్తే లోపలి తడి గడ్డకట్టి తెర మసకబారుతుంది. భూమధ్యరేఖ పైన ఒకేచోట నిలిచినట్టుండే భూస్థిర ఉపగ్రహాలు, మనం 81వ అక్షాంశం దాటితే నేల అంచు కిందికి దిగిపోతాయి, వాటి ఫోన్లు పనిచేయవు. ధ్రువాల మీదుగా తిరిగే ఇరిడియం లాంటి ఉపగ్రహాలే దిక్కు.

అందుకే అంటార్కిటికా అంచున 80వ అక్షాంశం మీది హెర్క్యులిస్ ఇన్‌లెట్ నుంచి ధ్రువానికి 1,100 కి.మీ. పైచిలుకు స్కీల మీద పోయేవాళ్లు పొద్దున ఒకసారి జీపీఎస్ చూసుకుని ఆపేస్తారు. రోజంతా నడిపించేది తమ నీడే. ఆ చోటు 80 డిగ్రీల పడమర, కాబట్టి అక్కడ సూర్యుడు నడిమికి వచ్చేది గ్రీనిచ్ మధ్యాహ్నానికి 5 గంటల 20 నిమిషాల తర్వాత. చేతి గడియారంలో ఉండేది చిలీ వేసవి సమయం, గ్రీనిచ్ కన్నా మూడు గంటలు వెనక. అంటే గడియారం 2 గంటల 20 నిమిషాలు చూపినప్పుడు సూర్యుడు సరిగ్గా వీపు మీద, నీడ సూటిగా దక్షిణానికి. నీడ మీదే నడవాలి. అంతకు గంట ముందు నీడ 15 డిగ్రీలు కుడికి, గంట తర్వాత 15 డిగ్రీలు ఎడమకు. సూర్యుడు అక్కడ కుడి నుంచి ఎడమకు నడుస్తాడు కాబట్టి ఉత్తరార్ధగోళంలో నేర్చుకున్న అలవాటు తిరగబడుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే. నవంబరు మొదట్లో సూర్యుడు గడియారం కన్నా 16 నిమిషాలు ముందుంటాడు. దాన్ని పట్టించుకోకపోతే నాలుగు డిగ్రీలు, రోజుకు 20 కి.మీ. నడిస్తే 1.4 కి.మీ. పక్కకు. క్రిస్మస్ నాటికి ఆ తేడా దాదాపు సున్నా.

మబ్బు కమ్మి నీడ పోతే ఛాతీ మీద బిగించిన దిక్సూచి, చెంపకు తగిలే గాలి, కాళ్ల కింద సస్త్రుగి. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి స్కీ కర్రకు రిబ్బను ముక్క కడతారు. దిక్సూచి దగ్గర ఫోను, బ్యాటరీ, అయస్కాంతపు బొత్తాలున్న కోటు ఉండకూడదు. బలహీనమైన సూదిని ఇవి తేలిగ్గా ఏమారుస్తాయి.

విమానాలవాళ్లకు ఇంకో చిక్కు. దక్షిణ ధ్రువం మీద ఎటు చూసినా ఉత్తరమే. దాటిన మరుక్షణం దక్షిణపు దారి ఉత్తరపు దారి అయిపోతుంది. అందుకని పటం మీద చదరంగపు గళ్లు గీసి, గ్రీనిచ్ రేఖ వైపును గళ్ల ఉత్తరం అనుకుంటారు. అంటార్కిటికాలో నిజ దిక్కుకు తూర్పు రేఖాంశం కలపాలి, పడమర రేఖాంశం తీసేయాలి. హెర్క్యులిస్ ఇన్‌లెట్ నుంచి నిజ దక్షిణం 180, అందులోంచి 80 పోతే గళ్ల దిక్కు 100. ధ్రువం దాటి అవతలికి పోయినా ఆ 100 మారదు. ఉత్తర ధ్రువంలో కలపడం, తీసేయడం తారుమారు.

జెండాలు ఇవాళ్టికీ పోలేదు. మెక్‌మర్డో చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ జెండాల వెంట పోవచ్చు, నల్లజెండా ఉన్నచోట మంచు పగుళ్లున్నాయని అర్థం. అక్కడి నుంచి ధ్రువానికి 1,600 కి.మీ. పోయే ట్రాక్టర్ల వరసలో ముందు బండికి పొడవాటి దూలం మీద రాడార్ కట్టి, మంచు కింద బోలు ఉందేమో చూసుకుంటారు. జీపీఎస్ చోటు చెబుతుంది, కాలి కింద గుంత సంగతి చెప్పదు. ధ్రువం గుర్తుకర్రనూ ఏటా జనవరి 1న కొత్తగా పాతాలి, కింది మంచు ఏడాదికి పది మీటర్లు జరిగిపోతుంది కాబట్టి. అంటార్కిటికాలోని మన భారతి స్థావరంలో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) పెట్టిన యాంటెన్నాలు ధ్రువాల మీదుగా తిరిగే మన ఉపగ్రహాల చిత్రాలను అందుకుని షాద్‌నగర్‌కు పంపుతాయి. మీ వ్యాసంలో తెలుగువాళ్లకు దగ్గరి సంగతి ఏదైనా చేర్చాలనుకుంటే ఇది చేర్చవచ్చు.

నీడ సంగతి పిల్లలు ఇక్కడే చూడగలరు. మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని బడిలో చెబుతారు. విశాఖలో మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా అది దక్షిణానికి పడుతుంది. కర్ర పాతి పన్నెండింటికి చూస్తే చాలు.

వచ్చే ఆదివారం సవరణ వేస్తే, బొమ్మలోంచి దిక్సూచి తీసేసి, మంచు మీద పాదరసం పళ్లెం, దాని ముందు మోకాళ్ల మీద సెక్స్‌టెంట్ పట్టుకున్న మనిషిని గీయించండి. చేతొడుగులు పక్కన పడి ఉండాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత నావికుడు,
విశాఖపట్నం